సాబ్రా పడుకున్న నేల

ఏసీ కట్టేస్తే అమ్మకి ఊపిరాడదు, వేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని సగం వేసి, కిటికీ సగం దించి, పైన్ చెట్ల నీడ ఎంతవరకు వస్తుందో అంతవరకు కారు వెనక్కి తీసి ఆపింది వెర్నీస్, ఆపి స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచేసింది, ఎవరైనా చూస్తే ఇంకా నడుపుతోందనుకుంటారు. నడిపేసినా బాగుండును. ఇప్పుడే తాళం తిప్పి, ఆ తెల్ల టెంటునీ ఆ కుర్చీల్నీ దాటుకుని, దుంగల లారీల వెనకాల పడి వెళ్ళిపోతే ఎవరు ఆపుతారు? ఎదురుగా రోడ్డు వారన గడ్డి నున్నగా కొట్టిన చోట ఇనప స్తంభం మీద అది నిలబడి ఉంది, నీలం గుడ్డ కప్పుకుని, నడుముకి తెల్లతాడు చుట్టించుకుని. ఆ తాడు లాగాల్సింది తనే. వంశం వాళ్ళే లాగాలట, అదీ పద్ధతి. పలక మీద ఎవరి పేరుందో వాళ్ళ రక్తం పంచుకు పుట్టిన చెయ్యే గుడ్డ తియ్యాలి, అప్పుడే ఫొటో బాగా వస్తుంది, అప్పుడే పేపర్లో వేస్తారు. ఎంత బాగా ఆలోచించారమ్మా! అబద్ధం మీరు చెబుతారు, దానికి వేలిముద్ర మాత్రం నేను వెయ్యాలి.

పక్క సీట్లో అమ్మ కునుకుతోంది. ఎనభై ఎనిమిదేళ్ళ ఓజెల్లా, చర్చిలో ముందు వరస తప్ప ఇంకో వరసలో కూర్చోని ఓజెల్లా, కళ్ళల్లో పొరలొచ్చి మనుషుల్ని గొంతు విని పోల్చుకునే ఓజెల్లా. పొద్దున్నే దుకాణం తెరిచి, అమ్మ జుట్టు తానే కడిగి, వేడిదువ్వెనతో సాపు చేసి, లేత ఊదారంగు టోపీ పెట్టింది వెర్నీస్, పెడుతున్నంతసేపూ చెప్పేద్దాం చెప్పేద్దాం అనుకుంటూనే ఉంది. అమ్మ అద్దంలోకి చూడలేదు గదా, టోపీ అంచు తడుముకుని, "పువ్వు కుడివైపుకి ఉందా? సాబ్రా ముందు అప్రాచ్యంలా నిలబడకూడదు" అంది. ముత్తవ్వ సాబ్రా ముందట! అక్కడ సాబ్రా ఉంటే గదా. వెర్నీస్ నోట్లో పిన్నులు పెట్టుకుని ఊరుకుంది. నోట్లో పిన్నులుంటే మాట్లాడక్కర్లేదు, ఆ సుఖం జుట్టుపని చేసేవాళ్ళకే తెలుసు.

కోపంగా ఉంది. ఎవరి మీద అని అడిగితే ముందు తన మీదే, అంత సంబరపడినందుకు. మార్తా జేన్ క్రెన్షా ఫోన్ చేసిన రోజు దుకాణం నిండా ఆడవాళ్ళు, ఒకావిడ తలకి రంగు, ఒకావిడ వేడిగాలి టోపీ కింద, డెలోరా నాలుగు రోజులుగా విప్పించుకోని జడలతో. మార్తా జేన్ అంటే జిల్లా చరిత్ర సంఘానికి పెద్ద, క్రెన్షాల ఆడపడుచు. ఒకప్పుడు ఈ రోడ్డుకి అటూ ఇటూ కనుచూపు మేర ఆ ఇంటి పత్తిచేలు, ఆ చేలల్లో మనుషులు కూడా ఆ ఇంటి సొత్తే. ఆవిడే ఫోన్ చేసి, పాకం కారే గొంతుతో, "వెర్నీస్, మీ సాబ్రా అత్తకి రోడ్డు పక్కన పలక పెట్టిస్తున్నాం తల్లీ, యుద్ధకాలంలో ఆవిడ చేసినదానికి" అంది. వెర్నీస్ చేతిలో దువ్వెన జారిపడింది. ఫోన్ పెట్టేసి చెబితే దుకాణం దుకాణమంతా కేకలు. డెలోరా అయితే, "అయ్యో, ఇంక మా జుట్టు ముట్టుకుంటుందటే ఈవిడ? రోడ్డుకెక్కిన వంశం!" అని ఆటపట్టించింది. అందరికీ చల్లటి టీ తానే పోసింది. ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు కూడా, పిచ్చిమొహం!

అత్త అన్నప్పుడే పట్టుకోవాల్సింది. ఎవరికి అత్త? వాళ్ళ నాన్నకి చెల్లెలా, మేనరికమా? నల్లావిడకి వయసొచ్చాక పేరు పెట్టి పిలవడం బాగోదు, అలాగని అమ్మగారూ అనడానికి నోరు రాదు, అందుకని కనిపెట్టారు ఈ అత్తా అనే మాట. అమ్మని కూడా అలాగే పిలిచారు, కొట్లో సామాను కొనడానికి వెళితే, కౌంటరు వెనకాల నూనూగు మీసాల వాడు, "ఏం కావాలి అత్తా" అని. అమ్మ సంచీ అక్కడే పెట్టి, "మీ అమ్మకి నేను వదిననైతే ఆ సంగతి నాకెవరూ చెప్పలేదే నాయనా" అని బయటికి వచ్చేసింది, ఉప్పు లేకుండా. ఆ వారమంతా చప్పిడి కూరలే. వెర్నీస్ అప్పుడు చిన్నపిల్ల, ఉప్పు లేదని ఏడ్చింది. ఇప్పుడు ఆ చప్పిడి కూర దొరికితే కళ్ళకద్దుకు తింటుంది.

నిన్న సాయంత్రం చూసింది పలకని. దుకాణం కట్టేసి వస్తుంటే రోడ్డు పనివాళ్ళు స్తంభం మొదట్లో సిమెంటు పోస్తున్నారు, గుడ్డ ఇంకా కట్టలేదు. సంతోషం పట్టలేక కారు ఆపి దిగి, గడ్డిలో చెప్పులు దిగబడుతుంటే చిన్నపిల్లలా పరిగెత్తింది. పోతపోసిన అక్షరాలు, బంగారు రంగు వేసి, వానకి చెరగవు, ఎండకి వెలిసిపోవు, ఇంకో వందేళ్ళు అలాగే ఉంటాయి. సాబ్రా అత్త. క్రెన్షా కుటుంబపు విశ్వాసపాత్రురాలైన పరిచారిక. 1864 నవంబరులో శత్రుసైన్యం ఈ తోటను దోచుకోవడానికి వచ్చినప్పుడు, భూమిలో దాచిన వెండిసామాను మీద తానే పడుకుని ప్రాణానికి తెగించి కాపాడింది. యజమానుల పట్ల ఆమె ప్రేమ తరతరాలకు ఆదర్శం. చదివింది. పక్కకి వెళ్ళి వెనకవైపు ఏమన్నా రాశారేమోనని కూడా చూసింది, బోడిగా ఉంది. పనివాడొకడు, "మీ వాళ్ళావిడా అమ్మా? చాలా గొప్పావిడ" అన్నాడు. పాపం వాడికేం తెలుసు. అవును అంది. కారులోకి వచ్చి తలుపేసుకుని, ఎప్పుడూ నోటంట రాని మాటలన్నీ తిట్టింది.

విశ్వాసం! కుక్కకి రాసే మాట. శత్రుసైన్యమట, ఎవరికి శత్రువు? ఆ ఉత్తరాది నీలికోట్లు వచ్చాకే గదా సాబ్రా మెడ సాబ్రాదయింది. అలాగని వాళ్ళూ దేవుళ్ళేం కారు, క్రీసీ అవ్వ చెప్పేది. క్రీసీ అంటే యుద్ధం అయ్యాక సాబ్రాకి పుట్టిన కూతురు, అమ్మని పెంచిన అమ్మమ్మ, సాబ్రా నోటి నుంచి తాను విన్నది విన్నట్టు అమ్మకి అప్పజెప్పింది, అమ్మ వెర్నీస్‌కి అప్పజెప్పింది, బఠాణీలు ఒలుస్తూ, దుప్పట్లు మడతపెడుతూ, ఎప్పుడు పడితే అప్పుడు, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా. క్రీసీకి ముందు ఇంకో పిల్ల ఉండేది. ఈస్టర్. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్న పిల్ల, కోరింతదగ్గు వచ్చి పోయింది. సాబ్రా తన బొంతలోనే చుట్టి, గుడిసెల వెనకాల చెట్లల్లో, వాళ్ళ వాళ్ళందర్నీ పాతిన చోటే పాతింది. పిల్ల పాలు తాగిన రేకు కప్పు, ఇంకెవరూ వాడకుండా అడుగున చిల్లి పొడిచి, తలవైపు పెట్టింది. ఆ మట్టి ఇంకా ఆరలేదు, సైన్యం వస్తోందని కబురు. దొర యుద్ధంలో ఉన్నాడు, దొరసాని వెండిసామాను ఎక్కడ దాచాలో తెలియక ఇల్లంతా తిరిగింది. కొత్తగా తవ్విన మట్టి ఎక్కడ కనపడినా సైనికులు తవ్వుతారు, అదే పసిపిల్ల గోరీ అయితే ఎవరు ముట్టుకుంటారు? అదీ ఆవిడ తెలివి. రాత్రికి రాత్రి ఇద్దరి చేత తవ్వించి, పెట్టె తీసుకెళ్ళి పిల్ల మీద పెట్టించి, మట్టి కప్పించింది. సాబ్రాకి చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఆ పిల్ల కూడా వాళ్ళదేగా వాళ్ళ లెక్కలో.

తెల్లవారి సాబ్రా వెళ్ళి చూస్తే కప్పు కాళ్ళవైపు ఉంది. అంతే, తవ్వారని అర్థమైపోయింది. అరవడానికి లేదు, అడగడానికి లేదు, అక్కడే నిలబడిపోయింది, వెనకాల గుర్రాలు వచ్చేశాయి. సైనికులు ఇనప చువ్వలు పట్టుకుని ఎక్కడ మట్టి మెత్తగా కనబడితే అక్కడ పొడుస్తున్నారు, కూరగాయల మడిలో పొడిచారు, పందుల దొడ్లో పొడిచారు, చెట్లల్లోకి వచ్చారు. సాబ్రా బోర్లా పడుకుంది. చేతులు చాచి, ముఖం మట్టిలో పెట్టి. వెండి గురించి ఒక్క ముక్క అనుకోలేదు ఆవిడ. చువ్వ దిగుతుంది, బొంతలోకి దిగుతుంది, అదే అనుకుంది. ఒకడు జుట్టు పట్టి లాగాడు, ఒకడు బూటుతో తోశాడు, ఆవిడ లేవలేదు, నా పిల్ల నా పిల్ల అంటూనే ఉంది, ఆఖరికి వాళ్ళల్లో పెద్దాయనెవరో వదిలెయ్యమన్నాడు. వాళ్ళు వెళ్ళాక దొరసాని పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చిందట. నా వెండి కాపాడావే అని. చూడండి, ఏడుపు నిజమే. నిజంగానే నమ్మింది. కన్నతల్లి పిల్ల గోరీ మీద పడి ఏడుస్తుంటే తన చెంచాల కోసం ఏడుస్తోందని నమ్మే తెలివి భూమ్మీద ఇంకెవరికైనా ఉంటుందా? మర్నాడు పొద్దున్నే మళ్ళీ తవ్వించి పెట్టె తీసుకుపోయింది. మట్టి పక్కనే కుప్పగా వదిలేశారు. సాబ్రా ఒక్కతే చేత్తో తోసి పూడ్చుకుంది.

ఈ కథలో పలక మీదికి ఎక్కింది ఏది? పెట్టె ఎక్కింది. పిల్ల ఊసే లేదు. ఈస్టర్ అనే ఒక ప్రాణి ఈ నేల మీద గోడ పట్టుకు నడిచిందని ఒక్క అక్షరం లేదు. సాబ్రా యుద్ధమయ్యాక ఎటైనా పోగలిగి ఉండి కూడా, వెళ్ళినవాళ్ళందరూ పిలిచినా కూడా, పిల్ల ఇక్కడుందని ఈ జిల్లా వదల్లేదు, అందుకే మనమందరం ఇక్కడున్నామే అనేది అమ్మ. ఇప్పుడా చెట్లూ లేవు, ఆ గోరీలూ లేవు, కాగితం మిల్లు వాళ్ళు పైన్ చెట్లు వరసల్లో నాటుకున్నారు, ఏ వరస కింద ఎవరున్నారో దేవుడికే తెలియాలి. ఇంక ఇదిగో, టెంటు పక్కన దక్షిణాది సైన్యపు బూడిదరంగు కోట్లు తొడుక్కుని తుపాకులు పట్టుకుని చెమటలు కక్కుతూ నలుగురు మగాళ్ళు, యుద్ధం నాటకాలాడే వాళ్ళు. సాబ్రా గౌరవార్థం తుపాకులు పేలుస్తారట. ఆవిణ్ణి బానిసగా ఉంచడం కోసం ప్రాణాలిచ్చిన కోట్లు తొడుక్కుని! సిగ్గూ శరం అనేవి ఏ కొట్లోనూ అమ్మరు కాబోలు. అందులో ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, వెర్నీస్‌ని చూసి చెయ్యి ఊపాడు. చెయ్యి దానంతట అదే లేచి తిరిగి ఊపింది. ఆ చేతిని చూసుకుంటే ఒళ్ళు మండిపోయింది.

ఒకసారి, ఏడెనిమిదేళ్ళప్పుడు, చర్చి వెనకాల గోరీల్లో ఆడుకుంటూ నీలం మందుసీసా ఒకటి తీసుకొచ్చేసింది, పక్కింటి ముసలాయన గోరీ మీదది, మూత దగ్గర బీటలు, ఎండలో పెడితే భలే మెరిసేది. అమ్మ చూసింది. కొట్టలేదు, తిట్టలేదు, చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించింది, పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆగకుండా. "గోరీ మీద పెట్టింది పోయినవాళ్ళదే, ఇంకెవరిదీ కాదు. తీసుకున్నవాళ్ళ ఇంట్లో వాళ్ళు నిద్రపోరు. పెట్టేసి క్షమించమని అడుగు" అంది. గాజుసీసా పెట్టేసి పెద్దాయనకి క్షమాపణ చెప్పుకుంది వెర్నీస్. ఇంటికొస్తే మాడు అన్నం. పసిదానికే తెలిసిన ఈ ముక్క అంత పెద్ద ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"వచ్చేశామా?" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"వచ్చి చాలాసేపైందమ్మా. ఇంకా పిలవలేదు."

"మనుషులు బాగా వచ్చారా?"

"మన చర్చి వాళ్ళంతా వచ్చారు. డెలోరా పసుపు బట్టలేసుకుంది, పొద్దుతిరుగుడు పువ్వులా ఉంది."

అమ్మ నవ్వింది. నవ్వి, టోపీ సర్దుకుని, కళ్ళు తెరిచి గుడ్డ ఉన్న వైపు, అంటే గుడ్డ ఉంటుందనుకున్న వైపు చూసింది. "పుట్టినప్పటి నుంచీ ఈ రోడ్డు మీద వాళ్ళ పేర్లే. వంతెనకి వాళ్ళ పేరు, బడికి వాళ్ళ పేరు. ఇన్నాళ్ళకి మన పేరు. నేను పోయేలోపల చూస్తాననుకోలేదే" అంది. తరవాత గొంతు తగ్గించి, "పిల్ల పేరు కూడా రాశారా?" అంది.

ఇదిగో ఇప్పుడు చెప్పాలి. లేదమ్మా, రాయలేదమ్మా, వెనక్కి వెళ్ళిపోదాం పదమ్మా. అమ్మ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది, పొడిగా, కాగితంలా. ఎనభై ఎనిమిదేళ్ళు మోసింది ఈ కథని, ఇప్పుడిక దించుకుందామని వచ్చింది, దించుకునే చోట ముల్లు పెట్టారని ఏ నోటితో చెప్పడం?

"రాశారమ్మా" అంది వెర్నీస్.

"ఈస్టర్ అనేనా?"

"ఈస్టర్ అనే."

టెంటు దగ్గర మైకు గురగురలాడింది, ఎవరో వచ్చి కారు తలుపు తీశారు, అమ్మని చెరో చెయ్యీ పట్టి నడిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. మార్తా జేన్ మైకులో మాట్లాడుతోంది, తెల్లటి బట్టలు, ముత్యాలు, మా ఇంట్లో మా నానమ్మ సాబ్రా అత్త గురించి చెబుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళం అంటోంది, నిజంగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి కూడా. అదే వెర్నీస్‌కి ఇంకా మంట. అబద్ధమని తెలిసి చెప్పేవాళ్ళతో ఎలాగో వేగవచ్చు, ప్రేమగా నమ్మేవాళ్ళతో వేగడం ఎలా? పిలిచారు. లేచింది. తాడు చేతికిచ్చారు. మెత్తటి నూలుతాడు, ఒక్క ఊపున లాగితే పని అయిపోతుంది. చెయ్యి కదల్లేదు. పేపరు నుంచి వచ్చిన ఫొటోలావిడ వంగి కెమెరా పట్టుకుని అలాగే ఉంది. గుడ్డ కింది నుంచి గాలి దూరి దాన్ని ఉబ్బిస్తోంది.

"లాగవే పిల్లా, ఎంతసేపు ఎండలో మాడుస్తావు మమ్మల్ని?" అంది అమ్మ ముందు వరస నుంచి. అందరూ నవ్వారు.

లాగింది. గుడ్డ పడింది. చప్పట్లు. బంగారు అక్షరాలు ఎండకి ధగధగ మెరిశాయి. చప్పట్లు ఆగాక అమ్మ గొంతే మళ్ళీ. "నా కళ్ళకి ఆనటం లేదు. నువ్వు చదువు. ఆ మైకులో, గట్టిగా."

వెర్నీస్ మైకు అందుకుంది. పలక కేసి తిరిగింది. విశ్వాసపాత్రురాలైన, అని ఉంది అక్కడ. నోరు తెరిచింది.

"సాబ్రా" అని మొదలుపెట్టింది. అత్త అనలేదు. "ఈస్టర్ తల్లి. క్రెన్షాల తోటలో బానిస. 1864 నవంబరులో ఆమె పిల్ల కోరింతదగ్గుతో పోయింది. ఈ తోట దొరసాని ఆ గోరీ తవ్వించి, పిల్ల మీద తన వెండిసామాను దాచింది." వేలెత్తి వరస వెంట వరస చూపిస్తూ చదువుతోంది, బళ్ళో పాఠం చదివినట్టు, ఎక్కడా తడబడకుండా. "సైనికులు చువ్వలతో వచ్చినప్పుడు సాబ్రా తన పిల్ల మీద పడుకుంది. చెంచాల మీద కాదు. కొట్టినా లేవలేదు. వాళ్ళు వెళ్ళాక దొరసాని ఆ గోరీని మళ్ళీ తవ్వించింది. సాబ్రా మళ్ళీ పూడ్చుకుంది. ఎవరూ క్షమాపణ అడగలేదు."

వెనక వరసల్లో ఎవరో దగ్గారు. పేపరావిడ పలకని చూసి, వెర్నీస్‌ని చూసి, మళ్ళీ పలకని చూసింది. ముందు వరసల్లో చర్చి ఆడవాళ్ళకి చూపుంది, చదువుంది, అక్కడేం రాసి ఉందో అందరికీ కనబడుతూనే ఉంది. అప్పుడు డెలోరా, పసుపు బట్టల్లో, ఒళ్ళంతా గొంతు చేసుకుని, "చదువమ్మా! అక్షరం పొల్లుపోకుండా చదువుతోంది ఓజెల్లమ్మా, అలాగే రాసుంది!" అంది. "అవును" అంది పక్కావిడ. "రాసుంది, అలాగే రాసుంది" అంటూ ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు, ఆదివారం చర్చిలో అన్నట్టే. బూడిదకోట్ల వాళ్ళు తుపాకులు పేల్చడం మరిచిపోయి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అమ్మ రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. "మార్తా జేన్ ఎక్కడ?" అంది. ఆవిడ రాక తప్పలేదు, మెడంతా ఎర్రగా కందిపోయి ఉంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నీ మీద నాకు వేరే అభిప్రాయం ఉండేది తల్లీ. మీ ఇంటి పిల్ల ఇంత నిజం ఇనుములో పోయిస్తుందనుకోలేదు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

మాట రానప్పుడు ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పని ఒకటే, తినడానికీ తాగడానికీ ఏదో ఒకటి తెచ్చిపెట్టడం. మార్తా జేన్ గబగబా టెంటులోకి వెళ్ళి కాఫీ తెచ్చి అమ్మ చేతికిచ్చింది, సాసరులో చెంచాతో సహా. ఇచ్చి, రోజంతా చెబుదామని వల్లెవేసుకున్న మాట కాబట్టి నోరు జారి అదే అనేసింది. "ఇది ఆ సామానులోదే ఓజెల్లా గారూ. మీకోసమని ఇవాళ పెట్టె అంతా బయటికి తీయించాను."

అమ్మ కలుపుతున్నదల్లా ఆపింది. చెంచా కాడ మీద బొటనవేలితో తడిమి చూసింది, లతలూ, ఏదో అక్షరమూ. "ఆ పెట్టెలోదేనా?"

"అవునమ్మా."

కాఫీ కప్పు పక్క కుర్చీలో పెట్టి, చెంచాని రుమాలుతో శుభ్రంగా తుడిచి, ఒళ్ళోని తోలుసంచీలో వేసుకుంది అమ్మ. "గోరీలో పెట్టింది పిల్లది. అంతా ఒప్పుకుని రాయించినదానివి, ఇంకా ఇంట్లో ఎందుకుంచావే తల్లీ? మంచిది కాదు, మీకే అరిష్టం. మిగతావి కూడా పట్రా."

మార్తా జేన్ వెర్నీస్ వైపు చూసింది. బతిమాలుతున్న చూపు. "వెర్నీస్, మీ అమ్మకి చెప్పు, పలక మీద నిజంగా ఏముందో" అంది గొంతు తగ్గించి.

"మీరు రాయించిందేగా" అంది వెర్నీస్. "మీరే చదివి వినిపించండి."

దుంగల లారీ ఒకటి రోడ్డు మీద గాలి రేపుకుంటూ పోయింది, నేల మీద పడున్న నీలం గుడ్డ లేచి పడింది. మార్తా జేన్ పలక వైపు చూసింది, ఓజెల్లా కళ్ళల్లోకి చూసింది. తరవాత టెంటులో తెల్లగుడ్డ మీద వెండిసామాను పేర్చిన బల్ల వైపు చూసింది.

వెర్నీస్ వంగి, తల్లి ఒళ్ళోని సంచీని రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.